పాతకాలపు లుక్ అంటే క్రాఫ్ట్ పేపరేనా? సున్నుండల ప్యాకెట్ మీద సలహా కావాలి

చిత్తుకాగితం:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో మూడేళ్లుగా గ్రాఫిక్ డిజైనర్‌గా చేస్తున్నాను. ఎక్కువగా సోషల్ మీడియా పోస్టులు, ఫంక్షన్ బ్యానర్లు. ప్యాకేజింగ్ ఎప్పుడూ చేతికి రాలేదు. ఇప్పుడు వచ్చింది, అదీ ఇంట్లోంచే. క్లయింటు మా మేనమామ.

మావయ్య రెండేళ్ల కిందట తెనాలి దగ్గర వాళ్ల ఊళ్లో సున్నుండలు చేయించి అమ్మడం మొదలుపెట్టాడు. పొట్టు మినుములు వేయించి మరపట్టించి, బెల్లం, నెయ్యి. అంతే. కొలత అమ్మమ్మది, చెయ్యి అత్తయ్యది. ఇన్నాళ్లూ ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి పైన స్టిక్కరు అంటించేవాళ్లు. ఇప్పుడు విజయవాడ షాపులవాళ్లు కూడా అడుగుతున్నారట. "కాస్త పాతకాలంగా, చూడగానే చిన్నతనం గుర్తొచ్చేలా చేసిపెట్టు పిల్లా" అన్నాడు.

నేను వారం రోజులు కూర్చుని చేశాను. గోధుమ రంగు క్రాఫ్ట్ పేపర్ పౌచ్, మెడకి పురికొస, అరిగిపోయినట్టు కనిపించే ఫాంట్, ఓ మూల సైకిలు బొమ్మ, కింద "అమ్మమ్మ కాలం నాటి రుచి". నాకైతే బాగానే ఉందనిపించింది. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా, ఇంతకీ ఇది ఏ పంటకి వెయ్యాలి?" అన్నాడు. అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అవమానం దిగమింగాక ఆలోచిస్తే ఒక సందేహం పట్టుకుంది. నా టేబుల్ మీద పేపర్ బోట్ అనే బ్రాండువాళ్ల ఆమ్ పన్నా (పచ్చి మామిడికాయ పానీయం) పౌచ్ ఒకటి ఉంది. అందులో పాత ఫాంటు లేదు, సైకిలు లేదు, పురికొస లేదు. అయినా చూస్తే వాన గుర్తొస్తుంది. అదెలా? మా ఆఫీసులో ఒకతనేమో బర్గర్ కింగ్ లోగో చూపించి "పాతది తవ్వి పైకి తీయడమే ఇప్పుడు ట్రెండ్" అంటాడు. మా మావయ్యకి తవ్వడానికి పాత లోగో ఏదీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ ఫాంట్ వాడాలి?

శుభలేఖ_సెంటర్:

బాపు ఫాంట్ పెట్టండి. అయిపోతుంది. తెలుగుతనం దానంతటదే వస్తుంది.

రంగులడబ్బా:

పైన శుభలేఖ సెంటర్ గారికి కోపం రాకూడదు. బాపు గారి అక్షరం అంటే నాకూ ప్రాణమే. కానీ ఆయన చేతిరాత ఫాంటు అయ్యాక మనమందరం కలిసి దాన్ని పెళ్లి కార్డులకీ, గృహప్రవేశాలకీ, కాలనీ వినాయకుడి చందా రసీదులకీ వాడేశాం. ఇప్పుడు అది చూడగానే "బంధుమిత్రుల అభినందనలతో" అని చదవబుద్ధవుతుంది. సున్నుండ గుర్తురాదు.

నా సంగతి చెప్తే నా మాటని ఎంతవరకూ నమ్మాలో మీకే తెలుస్తుంది. మా నాన్న విజయవాడలో బోర్డులు రాసేవారు. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద ఇటు చివర నేను, అటు చివర ఆయన పట్టుకుని టప్పున కొడితే గీత పడేది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ దారం అటకెక్కింది. నేను కంప్యూటర్ నేర్చుకుని ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్లతో చిన్న స్టూడియో నడుపుతున్నాను. పాతకాలపు లుక్ కావాలని వచ్చే క్లయింటు నెలకి ఒకరైనా తగులుతారు.

మీ ప్రశ్నలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. బర్గర్ కింగ్ కొత్త లోగో చేసింది జోన్స్ నోల్స్ రిచీ అనే స్టూడియో. 2021 జనవరిలో బయటికి వచ్చింది. 1999 నుంచి ఉన్న నీలం వంపు గీతని తీసేసి, 1969 నాటి లోగోకి దగ్గరగా, రెండు బన్ను ముక్కల మధ్య పేరున్న రూపాన్ని మళ్లీ గీశారు. అక్షరాలు కూడా ఉబ్బిన బన్నులా, పిండితే రసం కారేలా ఉంటాయి. రంగులు ఎరుపు, నారింజ, గోధుమ, ఆకుపచ్చ, మయోనైజ్ తెలుపు, అన్నీ ఆ బర్గర్‌లోంచే. ఇంగ్లండులో కో-ఆప్ అనే సహకార దుకాణాల వాళ్లకి నార్త్ అనే స్టూడియో 2016లో చేసిందీ ఇదే పని. 1968 నాటి వాళ్ల గుర్తునే దులిపి మళ్లీ నిలబెట్టింది. ఇవన్నీ అటక మీది సామాను దించుకోవడం. వాళ్ల అటక, వాళ్ల సామాను.

పేపర్ బోట్‌కి అటకే లేదు. ఆ పేరు మార్కెట్లోకి వచ్చిందే 2013లో. అంతకుముందు ఆ కంపెనీ, హెక్టర్ బెవరేజెస్, జింగా అనే ఎనర్జీ డ్రింకుని పౌచ్‌లో అమ్మేది. పౌచ్ సంగతి వాళ్లకి ముందే తెలుసు. నిలబడే ఆ పౌచ్ కూడా మన తాతల నాటిదేం కాదు. 1960లలో ఫ్రాన్సులో లూయీ డోయెన్ అనే ఆయన కనిపెట్టాడు, ఆయన పేరు మీదే డోయ్‌ప్యాక్ అంటారు. పేపర్ బోట్ ప్యాకేజింగ్ డిజైన్ చేసింది పుణెలోని ఎలిఫెంట్ స్టూడియో. మీ టేబుల్ మీదున్న పౌచ్‌ని ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. చదును రంగులు, మెత్తగా తగిలే మ్యాట్ ఫినిష్, పైన మూత. అంతా ఈనాటి వస్తువే. పాతది మూడే చోట్ల ఉంది: లోపలున్న పానీయంలో, పేరులో, మనతో మాట్లాడే తీరులో.

ఆ పేరు ఎంత తెలివైనదో చూడండి. ఆమ్ పన్నా మనింటి పానీయం కాదు. మనకి పచ్చి మామిడికాయ అంటే పప్పులోకీ, పచ్చట్లోకీ, కారం అద్దుకుని తినడానికీ. వాళ్లమ్మే జల్‌జీరా, అంటే జీలకర్ర పానీయం, అంతకన్నా దూరం. కానీ కాగితం పడవ? చూరు నీళ్లలో పడవ వదలని పిల్లలు ఏ రాష్ట్రంలో ఉన్నారు? పానీయం ఒక ప్రాంతానిదైనా పడవ అందరిదీ. మధ్యలో పండగలకని కొన్ని చేసినప్పుడు శ్రీరామనవమికి పానకం కూడా పౌచ్‌లో పోశారు. అదైతే నేరుగా మన ఇంటికే వచ్చింది. మిరియాల ఘాటు మాత్రం మా వీధి పందిట్లో పోసేదానికి సాటిరాలేదు, అది వేరే గొడవ.

వాళ్లు ఎక్కడా "మేం పాతవాళ్లం" అనలేదు, గమనించారా? తమ గతాన్ని అమ్మలేదు, తాగేవాడి గతాన్ని తట్టారు. మీ క్రాఫ్ట్ పౌచ్‌లో నాకు కనిపించిన తప్పు అదే. రెండేళ్ల వ్యాపారానికి అరిగిపోయిన అక్షరాలు ఎందుకు? ఎక్కడ అరిగాయి అవి?

నేనూ ఈ తప్పు చేశాను కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను. ఓ కాఫీ పొడి ఆయన అడిగాడని ప్యాకెట్ మీద "1962 నుంచి" అని వేశాను. అడగ్గా చెప్పాడు, అది ఆయన పుట్టిన సంవత్సరమట! అదే వీధిలో నిజంగా అప్పటినుంచీ ఉన్న ఇంకో కొట్టు పెద్దాయన ప్యాకెట్ పట్టుకుని నా దగ్గరికే వచ్చి, "బాబూ, అప్పుడు ఈ వీధిలో మేం తప్ప ఎవరూ లేరే" అన్నాడు. నేను టీ తెప్పించాను. అంతకుమించి ఏం చేయగలను.

ఫాంట్ అడిగారు. సరదాగా, బొద్దుగా కావాలంటే ముంబైలోని ఎక్ టైప్ వాళ్లు చేసిన బాలూ తమ్ముడు అనే ఫాంట్ ఉంది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఆ కుటుంబంలో ప్రతి లిపికీ వరస కలిపి పేరు పెట్టారు: తెలుగుకి తమ్ముడు, తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, గుజరాతీకి భాయ్, పంజాబీకి పాజీ. ఆ అల్లరి నాకు మహా ఇష్టం. కానీ మీకు ఫాంట్ అక్కర్లేదు. "సున్నుండలు" అనే మాటలో ఎన్ని అక్షరాలు? సు, న్ను, సున్న, డ, లు. చేత్తో గీయండి. అందులో కిందికి వేలాడేది ఒక్క నకార వత్తే. మిగతాదంతా ఒకే గీత మీద బుద్ధిగా కూర్చుంటుంది. తెలుగు మాటల్లో ఇంత ఒబ్బిడిగా ఉండేవి తక్కువ.

మధ్యలో ఆ సున్న చూశారా? సున్నుండల్లో సున్న. దాన్నే ఉండ చేసేయొచ్చు. నిండుగా, గుండ్రంగా, మిగతా అక్షరాలకన్నా కాస్త పెద్దగా. చదివేవాడికి అర్థమయ్యేలోపు నోరూరాలి.

అది నాకు తట్టిన చిలిపి ఆలోచన, తీసుకోవాలని లేదు. గీయబోయే ముందు ఒక్క పని చేయండి. మీ అత్తయ్య సున్నుండలు చుట్టాక ఇంట్లోకి వేటిలో పెడుతుందో అడగండి. అమ్మడానికి కాదు, ఇంట్లోకి. ఫొటో పెట్టండి.

పౌచ్_మాస్టారు:

డిజైన్ గొప్పతనం నాకు తెలీదు, నేను పౌచ్‌లు సప్లై చేసేవాణ్ని. పని మాటలు నాలుగు చెప్తాను.

క్రాఫ్ట్ పేపర్ అంటే అందరూ ఎగబడతారు గానీ అది పైపొర మాత్రమే. నెయ్యి సరుకు కాబట్టి లోపల ఎలాగూ ప్లాస్టిక్ పొర ఉండాల్సిందే, లేకపోతే వారానికి మరకలు తేలతాయి. మధ్యలో కిటికీ లాంటిది పెట్టించారేమో, అసలు వద్దు. వెలుతురు తగిలితే నెయ్యి వాసన మారిపోతుంది.

గ్రావ్యూర్ ప్రింటింగ్‌కి వెళ్తే ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కించాలి. ఆరు రంగులు వాడితే ఆరు సిలిండర్ల ఖర్చు, పైగా పెద్ద ఆర్డరు ఇస్తేగానీ మిషన్ ఎక్కించరు. మీ మావయ్యగారి స్థాయికి డిజిటల్ ప్రింటో, ప్లెయిన్ పౌచ్ మీద మంచి స్టిక్కరో చాలు. రంగులు తగ్గించుకోండి.

వెనక వైపు చోటు ముందే వదిలిపెట్టుకోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు 14 అంకెలు, నికర బరువు, ఎమ్మార్పీ, తేదీలు, పదార్థాల పట్టిక, నెయ్యి ఉంది కాబట్టి పాల పదార్థం ఉందన్న హెచ్చరిక. ఇవన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండి తీరాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, తెలుగు ఒక్కటే ఉంటే కుదరదు.

ఇంకోటి. రంగులడబ్బా గారి సున్న ఆలోచన చదివి నవ్వుకున్నాను, కానీ జాగ్రత్త. గోధుమ రంగు నిండు గుండ్రం గీసి దాని చుట్టూ చదరపు గడి కట్టారంటే అది మొన్నమొన్నటిదాకా ఉన్న మాంసాహారం గుర్తే. ఆకుపచ్చకీ గోధుమకీ తేడా పోల్చుకోలేనివాళ్లు ఉంటారని ఇప్పుడు గుండ్రం తీసి త్రికోణం చేశారు గానీ, జనం కళ్లలో ఇంకా పాతదే ఉంది. మడి కట్టుకునే మామ్మగారు ఆ ప్యాకెట్ చూస్తే అంతే సంగతులు.

డాలస్_పిన్ని:

కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట. ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో ఒక అల్మారా నిండా "అమ్మమ్మ", "బామ్మ", "నానమ్మ" ప్యాకెట్లే. అన్నిటి మీదా అదే ముసలావిడ, అదే ముక్కుపుడక, అదే రోలు. ఏది ఎవరిదో గుర్తు పెట్టుకోలేక చివరికి రేటు చూసి తీసుకుంటాను.

మా అమ్మ సున్నుండలు పంపేటప్పుడు పాత హార్లిక్స్ సీసాలో పెట్టి, మూత ఊడకుండా పాత చీర పీలిక చుట్టేది. ఇప్పటికీ సున్నుండ అంటే నాకు ఆ మూత తీసే చప్పుడే. అందుకే వేటిలో పెడతారన్న ప్రశ్న నాకు నచ్చింది. మా పిల్లలకి తెలుగు చదవడం రాదు, కాబట్టి ముందు వైపు ఎక్కడో ఒక చోట ఇంగ్లీషులో పేరు ఉండేలా చూడండి.

చిత్తుకాగితం:

అందరికీ థాంక్స్. ఆదివారం ఊరెళ్లి అడిగాను. అత్తయ్య "ఎందులో పెడతానే, డబ్బాలో" అంది. ఏ డబ్బా అంటే అటకెక్కి దించింది. ఫొటో కింద పెట్టాను.

చూశారా! స్టీలు డబ్బా. మూత మీద అమ్మమ్మ పేరు, చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. దాని కింద తారీఖు 14-5-78. అమ్మమ్మ చెల్లెలి పెళ్లికి సామాను కొన్నప్పుడు ఇది కూడా కొన్నారట. ఇరవై ఏళ్లుగా ఆ డబ్బాలో తిన్నాను, ఆ అక్షరాలని ఒక్కసారీ చూడలేదు. పేరు చివర "మ్మ" దగ్గర చోటు చాలక, వత్తు కిందికి పోకుండా పక్కకి జరిగి అంచు ఎక్కేసింది. తలకట్లు అసలు అక్షరాలకి తగలట్లేదు, గాలిలో ఉన్నాయి. ఒక్కో చుక్కా లోపలికి దిగి ఉంది. వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది.

ఇదేనా మీరు అడిగింది?

రంగులడబ్బా:

ఇదే. నా సున్న జోకు అవతల పారేయండి.

వన్‌టౌన్‌లో స్టీలు సామాను కొట్ల ముందు ఒక కుర్రాడు స్టూలేసుకుని కూర్చునేవాడు. చేతిలో కరెంటు మిషను, జుర్రుమని చప్పుడు. మా అమ్మ గిన్నె పట్టుకుని పక్కన నిలబడి తప్పు పోకుండా పేరు అక్షరం అక్షరం చెప్పేది. అక్షరానికి ఇంత అని తీసుకునేవాడు కాబట్టి మా ఇంటి గిన్నెల మీద ఇంటిపేరు పొడి అక్షరమే. వీధిలో ఎవరింటికైనా కూర పంపితే గిన్నె తిరిగొచ్చేది ఆ చుక్కల వల్లే. అందుకే ఇది మీ ఒక్క ఇంటి జ్ఞాపకం కాదు. డాలస్ పిన్ని గారింట్లో కూడా ఒక్క గిన్నె మీదైనా ఉండే ఉంటుంది, చూసుకోమనండి.

ఎలా చేయాలంటే, ముందు ఫాంట్ చేయాలన్న ఆశ వదలండి. అదే డబ్బా మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, చుక్కలు తేలతాయి. ఆ చేతివాటం పట్టుకుని "సున్నుండలు" చుక్కల్లో గీయండి. చెక్కినవాడి తప్పుల్లో ఒక్కటే ఉంచుకోండి. చోటు చాలక పక్కకి జరిగిన వత్తు ముచ్చటగా ఉంది, దాన్ని మన నకార వత్తుకి ఇవ్వండి. అన్ని తప్పులూ దించితే అది వెక్కిరింత అవుతుంది. అమ్మమ్మ పేరు మాత్రం వేయొద్దు. అది ఆవిడ డబ్బా మీద ఉంటేనే అందం. కింద తారీఖు ఉన్న చోట ప్యాకింగ్ తేదీ అదే చుక్కల్లో వస్తే? అబద్ధపు 1962 కాదు, నిజం తేదీ, పైగా ఎలాగూ వేయాల్సిందే.

ఇక సైకిలు, పురికొస, ముసలావిడ, ఏమీ వద్దు.

పౌచ్_మాస్టారు:

ఇప్పుడు నాకూ హుషారొచ్చింది. స్టీలు రంగు కోసం వెండి ఇంకు కొనక్కర్లేదు. మెటలైజ్డ్ ఫిల్మ్, అంటే పల్చటి లోహపు పూత ఉన్న ప్లాస్టిక్ పౌచ్ తీసుకుంటే దాని సొంత రంగే అది. ఏమీ ప్రింట్ చేయకుండా వదిలేస్తే అదే మీ డబ్బా. మెరుపు మరీ చిప్స్ ప్యాకెట్‌లా ఉందనిపిస్తే మ్యాట్ తీసుకోండి. వెలుతురు రానివ్వదు, నెయ్యికీ మంచిది. ముదురు బూడిద రంగు ఒక్కటి చాలు, ఒకటే ప్రింటు. శాకాహారపు ఆకుపచ్చ గుర్తు ఉన్న స్టిక్కరు మాత్రం ముందు వైపు, పేరు దగ్గరే విడిగా అంటించుకోండి.

చుక్కలు మరీ చిన్నవి చేయకండి. ఒకదానికొకటి దగ్గరైతే ఇంకు పాకి గీత అయిపోతుంది. ముందు అసలు సైజులో నమూనా తీయించి, చెయ్యి చాచినంత దూరం నుంచి చదవండి. తేదీ చుక్కల గురించి: చుక్కల్లో కొట్టే కోడింగ్ మిషన్లు ఇప్పటికే ఉన్నాయి. నీళ్ల సీసాల మీదా పాల ప్యాకెట్ల మీదా చూసే ఉంటారు. అది మీకు ఉచితంగా కలిసొచ్చింది.

చిత్తుకాగితం:

మూడు వారాలైంది, ఆలస్యానికి క్షమించండి. "సున్నుండలు" పదకొండు సార్లు గీశాను. చుక్కల్లో సున్న గీయడం అన్నిటికన్నా కష్టమైంది. ఆరు చుక్కలైతే పువ్వులా ఉంది, పన్నెండైతే గాజులా ఉంది, చివరికి తొమ్మిదికి కుదిరింది. డాలస్ పిన్ని గారూ, ఇంగ్లీషు పేరు కూడా చుక్కల్లోనే, మూత అంచులా వంపు తిరిగి ఉంటుంది.

నమూనా పౌచ్ మావయ్య చేతికిచ్చాను. మాట్లాడకుండా బొటనవేలితో అక్షరాల మీద రుద్దాడు. రెండోసారి రుద్దాడు. "తగలట్లేదే" అన్నాడు. అక్షరాలు పైకి లేచేలా ప్రింట్ చేయిస్తే ఎంతవుతుందో పౌచ్ మాస్టారు గారూ, కాస్త చెప్పండి.

అత్తయ్య మాత్రం ఒక్కటే అడిగింది, ఖాళీ అయ్యాక కడుక్కుని ఆవాలు పోసుకోవచ్చా అని. జిప్ ఉన్నదే ఆర్డర్ పెడుతున్నాను.